బాయికి బాయి లేదు

"అయ్యలారా, మా లీయా నోరు మూయించింది కరువు కాదు, మీరు. ఎండాకాలమంతా కడవ మోస్తూ కూడా వాగిన పిల్ల, మీ ఎర్ర పెన్సిలు తగిలాక వారాల తరబడి మాట్లాడలేదు. ఈ పాపం మీది. మీకు వంత పాడిన నాది కూడా."

ప్రేమమ్మ ఈ నాలుగు ముక్కలు రాసి కలం కింద పెట్టింది. రాసింది ఓ పాడైపోయిన పెళ్లికార్డు వెనక. పెళ్లికొడుకు పేరు తప్పు పడితే పక్కన పారేసిన కార్డు అది. అట్లాంటివి ఆమెకు కొదవ లేదు. బీదరులో చౌబారా గడియారం బురుజు దగ్గరి సందులో శంకర్‌రావు సేటు అచ్చాఫీసుంది. అందులో కాగితాలు మడిచి కుట్టే పని ఆమెది. ఉత్తరం ఎక్కడికంటే, పట్నంలో పిల్లల పుస్తకాలు వేసే సంఘానికి. మొదలైతే పెట్టింది గానీ, ఈ నాలుగు ముక్కల దాకా రావడానికి ఎంత జరిగిందో చెప్పాలి.

ప్రేమమ్మ బడి మొహం చూడలేదు. క్రైస్తవుల గుడిలో కీర్తన పాడేటప్పుడు పక్కవాళ్ల వేలు పుస్తకంలో ఎక్కడ ఆగింది, నోట్లో ఏ ముక్క పలికింది అని చూసి చూసి అక్షరాలు పట్టేసింది. ఆ తర్వాత అచ్చాఫీసు చిత్తు కాగితాలన్నీ చదివింది. నేర్చిందాన్ని దాచుకునే రకం కాదు. ఆదివారం ఆరాధన ముగియగానే మంగల్‌పేట గుడి వసారాలో పిల్లల్ని కూర్చోబెట్టేది. బడిలో వాళ్లకు కన్నడం, బజారులో ఉర్దూ, భాల్కి దిక్కు చుట్టాలుంటే మరాఠీ. తెలుగు ఇంట్లోనూ గుడిలోనూ తప్ప ఎక్కడా లేదు. అందరికీ పెన్సిలు ముక్కలు పంచి, "నిన్న మీ ఇంట్ల ఏమైందో రాయుండ్రి" అనేది. అంతే ఆమె పాఠం. తప్పులు దిద్దేది కాదు. దిద్దేంత చదువు తనకు లేదని ఆమె సిగ్గుపడేది. ఆ సిగ్గే తర్వాత కొంప ముంచింది.

ఆ పిల్లల్లో లీయా ఒకతి. పదకొండేళ్లది. తండ్రి ఏసప్ప వానలు లేక సంతపూరులో చేను వదిలి వచ్చి, సర్కారు పెట్టిన కరువు పనిలో కంకర కొట్టేవాడు. లీయా నోరు ఊరుకునేది కాదు. కడవ నెత్తిన పెట్టుకుని కూడా ఎవరితోనో ఒకరితో కొట్లాడుతూనే నడిచేది.

ఆ ఎండాకాలం వాళ్ల గల్లీ బాయి ఎండింది. ఎర్రరాయి తొలిచిన బాయి, అడుగున బురద కూడా మిగలలేదు. పక్క వీధిలో సుందరాబాయి అనే మరాఠీ ఆమె ఇంటి పెరట్లో మాత్రం నీళ్లున్నాయి. "వాళ్ల తాడు మన బాయిలో పడుడా?" అని ఆమె మరిది అరిచాడు. సుందరాబాయి పెరటి తలుపు గడియ తీసి, ఆ గడియనే ఊడబెరికి పొయ్యిలో పెట్టింది. "ఇగ మూసే పని లేదు. తాళ్లు తెండి" అంది. గల్లీ తాళ్లన్నీ ఆ గిలక మీద నడిచాయి. వానలు పడే దాకా నడిచాయి.

వానలు పడ్డాక లీయా ఆ ముచ్చట కథగా రాసింది. రాసే ముందు సుందరాబాయికి మాటిచ్చింది కూడా: "అమ్మా, నీ మీద కథ రాస్తున్న. నీకే ముందుగాల చదివి వినిపిస్త."

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. బీదరులో బాయి అంటే ఒకటి కాదు. తెలుగు ఇంట్లో బాయి అంటే బావి. కన్నడ బడిలో బాయి అంటే నోరు. మరాఠీ వాళ్లకు బాయి అంటే ఆడమనిషి, ఆశ్చర్యమేస్తే 'అగ్గ బాయీ' అంటారు. లీయాకు ఈ మూడూ తన మాటలే. మూడింటినీ కలిపి ఆడుకుంది. కథ మూడు పేజీలు, చివరి పేజీ ఇది:

"మా బాయికి బాయి లేదు. నీళ్లు అయిపోయినయని ఎవరికి చెప్తది? భూమి లోపట లోపట పాక్కుంట పోయి సుందరాబాయి బాయిని తాకింది. అక్కా, దూప అయితాంది అన్నది. ఆ బాయికి కూడా బాయి లేదు. కానీ దాంట్ల బొక్కెన పడితే చప్పుడైంది. సుందరాబాయి విన్నది. అగ్గ బాయీ, తాళ్లు తెండి అన్నది. బాయికి బాయి లేకున్నా బాయి విన్నది."

ప్రేమమ్మ చదివి వసారాలోనే నవ్వింది, వసారాలోనే ఏడ్చింది. సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లల కథలు పంపండి, పుస్తకం వేస్తామని పట్నం సంఘం వాళ్ల ప్రకటన పాస్టరు జీవరాజ్ చేతికి వచ్చింది సరిగ్గా అప్పుడే. లీయా కథ పోయింది.

రెండు నెలలకు తిరిగొచ్చింది. కాగితం నిండా ఎర్ర పెన్సిలు. ఆ దిద్దిన పెద్దమనిషికి బాయి అంటే బావికి వచ్చిన రాతతప్పు అనిపించింది కాబోలు, కనబడిన ప్రతి బాయినీ బావి చేసిపెట్టాడు. "మా బావికి బావి లేదు" అయ్యింది. సుందరాబాయి "సుందరబావి" అయ్యింది. చివరి వాక్యం పక్కన "అర్థరహితం" అని రాసి అడ్డంగా కొట్టేశాడు. దాని కింద తన సొంత వాక్యం ఒకటి పెట్టాడు: "నీతి: నీటిని పొదుపుగా వాడవలెను."

దిద్దిన ప్రకారం సాఫు రాయించి పంపితే పుస్తకంలో వేస్తామని ఉత్తరం.

జీవరాజ్ మంచివాడు. కాకపోతే పట్నం ముద్ర కనబడితే మెత్తబడిపోయే మనిషి. "ప్రేమమ్మా, పట్నం పుస్తకంల మన గల్లీ పిల్ల పేరు! ఎంత ఇజ్జత్! జర సాఫు రాయించి పంపు" అన్నాడు.

"పాస్టరయ్యా, గీ సుందరబావి ఏంది? మనిషిని బావి చేసిండు కద."

"వాళ్లు చదువుకున్నోళ్లమ్మా. వాళ్లకు తెల్వదా?"

ఆ ఒక్క మాటకు ప్రేమమ్మ లొంగింది. మరొకరు అంటే గొంతు పట్టుకునేదే. కానీ చదువు అనే చోట ఆమెకు నడుం వంగిపోయేది. లీయాను కూర్చోబెట్టి, "పెద్దోళ్లు దిద్దిండ్రు బిడ్డా, గట్లనే రాయి" అంది. లీయా రాసింది. ఒక్క మాట అడగలేదు. రాసి, కాగితం మడిచి, చేతిలోని పెన్సిలు ముక్క ప్రేమమ్మ ఒళ్లో పెట్టింది.

"ఇగో టీచరమ్మా, నీ పెన్సిల్."

"ఉంచుకో బిడ్డా. ఇంకో కథ రాద్దువు."

"నాకు రాదు" అంది లీయా.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారం వచ్చింది గానీ గోడకు వీపు ఆనించి కూర్చుంది. కడవ మోసేటప్పుడు ఎవరితోనూ కొట్లాట లేదు. "ఏమైందమ్మా నా బిడ్డకు, దెయ్యం గిట్ల పట్టిందా?" అని ఏసప్ప అడిగాడు. కంకర కొట్టి పగిలిన చేతులు చాపి అడిగాడు. దెయ్యం ఎవరో ప్రేమమ్మకు తెలుసు. సాఫు ప్రతి ఇంకా ఆమె సంచిలోనే ఉంది. టపాలో వేయడానికి చెయ్యి రాలేదు, చింపడానికి ధైర్యం చాలలేదు.

తెగ్గొట్టింది సుందరాబాయి.

ఒకరోజు పొద్దున ప్రేమమ్మ అచ్చాఫీసుకు పోతుంటే ఆమె పెరటి గుమ్మంలోంచి కేకేసింది. "ప్రేమమ్మా! ఆ పోరి నా మీద కథ రాసిందంట. చదువుతానని చెప్పి మొహం చాటేస్తాంది. నువ్వన్న చదువు!"

సంచిలో సాఫు ప్రతి ఉంది. తప్పించుకునే దారి లేదు. ప్రేమమ్మ బాయి గట్టు మీద కూర్చుని చదివింది. "సుందరబావి వచ్చి..."

"ఏమన్నవ్? నేను బావినా?" సుందరాబాయి పగలబడి నవ్వింది. "అగ్గ బాయీ! లావైనానని తెలుసు గానీ, మరీ గంత లావైననా?" కళ్లనీళ్లు తుడుచుకుని, "చదువు, చదువు. ఆఖరుకు ఏం చేసింది ఆ బావి?" అంది.

ప్రేమమ్మ నసుగుతూ చివరి వాక్యం చదివింది. నీతి. నీటిని పొదుపుగా వాడవలెను.

సుందరాబాయి నవ్వు ఆగింది. గిలక వైపు చూసింది. అరిగిన తాళ్ల గీతలు ఆ గిలక మీద ఇంకా ఉన్నాయి.

"పొదుపు చేస్తే మీకు ఎట్ల ఇస్తుంటి?" అంది.

అంతే అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు. ప్రేమమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ పిల్ల రాసింది కథ కాదు, దండం. నీళ్లిచ్చిన తల్లికి ఒక గల్లీ మొత్తం పెట్టాల్సిన దండం. దాన్ని ఎవడో ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తే, తాను కూర్చోబెట్టి సాఫు రాయించింది! చదువు లేదని ఇన్నాళ్లు సిగ్గుపడింది. ఇంత చదువుకుని మనిషికీ బావికీ తేడా తెలియనివాడు కదా సిగ్గుపడాల్సింది?

సాఫు ప్రతిని అక్కడే నాలుగు ముక్కలు చేసింది.

ఆ సాయంత్రమే బడి విడిచే వేళకు పోయి లీయాను చెయ్యి పట్టుకుని అచ్చాఫీసుకు తీసుకొచ్చింది. రాను అనలేదు, వస్తాననీ అనలేదు ఆ పిల్ల.

"సేటూ, ఒక చిన్న పుస్తకం అచ్చెయ్యాలె. నాలుగు పేజీలది" అంది ప్రేమమ్మ.

శంకర్‌రావుది గంజ్‌లో బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. అచ్చాఫీసు తండ్రి వదిలిపోయింది. "ఇది పెళ్లి కార్డుల ప్రెస్ ప్రేమమ్మా. పిల్లల కథలకు కాదు" అన్నాడు.

"పెళ్లయినంక పుట్టేది పిల్లలే కద సేటూ."

లోపల అక్షరాల గళ్లపెట్టె ముందు నిలబడ్డ అబ్బయ్య కిసుక్కుమన్నాడు. అరవై దాటిన కంపోజిటరు. నిజాం కాలంలో పట్నంలో పని నేర్చుకుని వచ్చాడు. బీదరులో సీసపు అక్షరాలతో తెలుగు కూర్చే చెయ్యి అదొక్కటే. శంకర్‌రావు నవ్వు ఆపుకుంటూ, "సరే, కార్డులు కత్తిరించంగ మిగిలిన కాయితం ఉన్నది, గులాబీది, పసుప్పచ్చది. తీస్కో. మిషను నాకు పని లేనప్పుడే" అన్నాడు.

అబ్బయ్య ఎర్రగీతలు పడిన లీయా అసలు ప్రతి తీసుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. మొదటి రెండు పేజీలు ఎట్లాగో చేయొచ్చన్నాడు. చివరి పేజీ చూసి తల పట్టుకున్నాడు.

"ప్రేమమ్మా, ఇది కాని పని. నా తెలుగు అక్షరాలన్నీ పెళ్లివి. శ్రీ కావాల్నా, దోసిళ్లతోని ఇస్త. చిరంజీవి కావాల్నా, గంప ఉన్నది. బా ఎక్కడిది? ఆరే ఉన్నయ్. అండ్ల రెండు అరిగి గుండ్రాయిలైనయ్. నాలుగు. ఈ పిల్ల ఒక్క పేజీల పదకొండు బాలు వాడింది!"

"మామా, ఏమన్న ఉపాయం చెప్పు."

"కొన్ని కొట్టేద్దాం. ఒక దగ్గర నుయ్యి అందాం, ఒక దగ్గర నోరు అందాం..."

"కొట్టేసుడు అయింది మామా. కొట్టేసినోడు పట్నంల ఉన్నడు. మళ్ల మనమెందుకు?" ప్రేమమ్మ గొంతు లేచింది. "అది అట్లనే ఉండాలె."

"అట్లనే ఉండాలంటే అక్షరాలు నేను కనాల్నా?" అబ్బయ్య గొంతూ లేచింది.

ఇద్దరూ అరుచుకుంటుంటే లీయా గళ్లపెట్టెల మధ్యకు పోయింది. తెలుగు పెట్టె పక్కన కన్నడం పెట్టె, నిండుగా. ఆఫీసు ఫారాలన్నీ కన్నడంలోనే వేస్తారు కాబట్టి దానికి కరువు లేదు. దాని పక్కన భాల్కి దిక్కు పెళ్లిళ్ల కోసం మరాఠీ పెట్టె. లీయా కన్నడం గడిలో చెయ్యి పెట్టి ఒక అక్షరం తీసింది. తిప్పి చూసింది. అద్దంలో మాదిరిగా ఎడమకు తిరిగి ఉన్నా పోల్చుకుంది.

"తాతా, ఇది మా బడి బా" అంది.

ప్రేమమ్మ అరుపు ఆగిపోయింది. పిల్ల గొంతు విని ఎన్ని వారాలైందో.

"అవును, కన్నడం బా. బ అయితే రెండిట్ల ఒక్కతీరే, దీర్ఘం తీసే కాడనే ఫరక్. అయితే ఏంది?"

"నోరు బాయి నేను బడిల నేర్చిన. దానికి బడి అక్షరం పెట్టు. నీళ్ల బాయి ఇంటిది. దానికి తెలుగుది పెట్టు." లీయా మరాఠీ పెట్టె దగ్గరికి జరిగింది. "సుందరాబాయిది గిది."

అబ్బయ్య కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. కాగితం తీసుకుని వేలితో లెక్కపెట్టాడు. నీళ్ల బాయిలు నాలుగు. నోటి బాయిలు మూడు. ఆడమనిషి బాయిలు, అగ్గ బాయీతో కలిపి, నాలుగు.

"నాలుగు తెలుగు బాలు" అన్నాడు నెమ్మదిగా. "సరిగ్గా నాలుగే. ఓరి నీ... నలభై ఏండ్లు ఈ పెట్టెల ముంగట నిలవడ్డ. మూడు భాషలను ఒక్క లైన్ల నిలవెట్టాలని నాకు తట్టలే!"

అచ్చుపని తెలిసినవాళ్లకే తెలుస్తుంది అదెంత తలనొప్పో. మూడు పెట్టెల అక్షరాలు మూడు కొలతలు. ఒకదాని పక్కన ఒకటి నిలబెడితే ఒకటి పైకి, ఒకటి కిందికి. అబ్బయ్య సందుల్లో అట్టముక్కలు దోపి, చాకుతో చెక్కి, మళ్లీ దోపి, ఆ ఒక్క పేజీకి మూడు రోజులు తీసుకున్నాడు. తిట్టుకుంటూనే చేశాడు. కూలి మాట ఎత్తితే ప్రేమమ్మనూ తిట్టాడు. అట్ట మీద బొమ్మ కావాలి. ఆఫీసులో ఉన్న బొమ్మల దిమ్మెలన్నీ పెళ్లివే. కలశం దిమ్మె తీసి, కొబ్బరికాయ ఉన్నంత మేర కాగితం అడ్డం కట్టి అచ్చేశాడు. కలశం కాస్తా కడవైంది. సుందరాబాయికి, అబ్బయ్యకు, బెల్లం గోనెల మధ్యలోంచి వచ్చి తడి ఆరని కాగితాలు తానే తాడు మీద ఆరేసిన శంకర్‌రావుకు ఆ గల్లీ పడ్డ రుణం ఎప్పటికి తీరుతుంది? ప్రేమమ్మ ఆ పుస్తకాలు కుట్టేటప్పుడు ప్రతి కుట్టుకూ ఒక పేరు తలుచుకుంది.

ఆ వారంలోనే రాష్ట్రం పేరు మారింది. మైసూరు పోయి కర్ణాటక వచ్చింది. బడిలో మిఠాయి పంచారు. లీయా చేతిలో మిఠాయి, చంకలో గులాబీరంగు పుస్తకం పెట్టుకుని సుందరాబాయి పెరట్లోకి నడిచింది. వెనక ప్రేమమ్మ, ఏసప్ప, పాస్టరు జీవరాజ్, అరుగు మీద చోటు దొరికినంత మంది పిల్లలు.

లీయా బాయి గట్టెక్కి చదివింది. మొదటి పేజీ గొణుగుడు. రెండో పేజీకి గొంతు తెరుచుకుంది. మూడో పేజీకి పాత లీయా వచ్చేసింది. చేతులూపుతూ, బొక్కెన చప్పుడు నోటితో చేస్తూ చదివింది. "బాయికి బాయి లేకున్నా బాయి విన్నది" అనేసరికి పిల్లలు గోల పెట్టారు, బాయి, బాయి, బాయి అంటూ.

సుందరాబాయి లేచి వచ్చి పుస్తకం తీసుకుంది. ఆమె రెండో తరగతి మరాఠీ దాకా చదివింది. తెలుగు ఒక్క ముక్క రాదు. కాగితం మీద వేలు పెట్టి, తెలియని అక్షరాల మీద జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగింది.

"ఇది నేను" అంది. వేలు ఇంకాస్త జరిపింది. "ఇది కూడా నేనే. అగ్గ బాయీ! ఆఖరు బాయి కూడా నేనే."

జీవరాజ్ అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. "ప్రేమమ్మా, ఆ పొద్దు నేనే సాఫు రాయించమన్న. మన్నించు" అన్నాడు.

"రాయించింది నేను కద పాస్టరయ్యా. మీది సగం, నాది సగం. మిగిలినదంతా పట్నపోళ్లది."

లీయా గట్టు దిగి ప్రేమమ్మ ముందు చెయ్యి చాపింది.

"ఏంది?"

"నా పెన్సిల్."

"నాకు రాదు అన్నవ్ కద?"

"గప్పుడు రాకుండె. ఇప్పుడొస్తాంది. జల్ది ఇయ్యి టీచరమ్మా, మర్చిపోత!"

ఆ రాత్రి గడవనిచ్చి, తెల్లారి అచ్చాఫీసు మెట్ల మీద కూర్చుని ప్రేమమ్మ పెళ్లికార్డు వెనక ఆ నాలుగు ముక్కలు మొదలుపెట్టింది. చదువు లేదనే సిగ్గు లేకుండా ఆమె రాసిన మొదటి ఉత్తరం అది. ముందు నేరం రాసింది. తర్వాత జరిగింది రాసింది. ఒక పుస్తకం జత చేసింది. చివర ఇట్లా రాసింది:

"మైసూరు అనొద్దు, మా మాట కర్ణాటక అని జనం అడిగితే సర్కారే విన్నది. బాయిని బాయిగా ఉంచమంటే మీరు వినరా? లీయా కథను మా అబ్బయ్య మామ కూర్చినట్టే, మూడు అక్షరాలతో అచ్చెయ్యండి. మీ నీతి మీరే ఉంచుకోండి. మీ పుస్తకంలో ఉన్న మిగతా పిల్లల కథలు దిద్దక ముందు ఎట్లున్నవో బయటికి తీయండి. ఒక్కొక్క పిల్లకు కార్డు రాసి, ఈ మాటకు నీ ఇంట్ల అర్థం ఏందని అడగండి. అడగకుండా ఒక్క అక్షరం ముట్టొద్దు. మా వసారాల ఇప్పుడు రాసే పిల్లలు పదమూడు మంది అయిండ్రు. పెన్సిళ్లు చాలుత లేవు. మీ తాన ఉన్న ఎర్ర పెన్సిళ్లన్నీ మూట గట్టి ఈ వారమే మాకు పంపండి."